జీతం ఇచ్చేది సంస్థ, కొలువిచ్చేది ఊరు

"ఏం మామా, తోడేళ్ళ ఎనకాల తిరిగితే జీతమిస్తారంట. వీడు చెప్తాండాడు, నిజమేనా?"

మొన్న పొద్దుగూకే వేళ మా ఎదురింటావిడ గడప దగ్గరే నిలబడి అడిగింది. ఆమె వెనక కొడుకు, వాడి చేతిలో ఫోను. జువాలజీతో బీఎస్సీ పూర్తయి ఏడాదైంది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి జిల్లా కేంద్రమైన నాటి నుంచి మా వీధిలో ఉద్యోగమంటే కలెక్టరాఫీసు ఉద్యోగమే. వీడికి మాత్రం నక్కలు, తోడేళ్ళు, కొంగలు కావాలి. ఫోనులో నాలుగు ప్రకటనలు చూపించాడు: ఫీల్డ్ అసిస్టెంటు, ప్రాజెక్ట్ అసోసియేట్, పర్యావరణ విద్యాధికారి, కమ్యూనిటీ కోఆర్డినేటరు. అన్నీ స్వచ్ఛంద సంస్థలవే. "తాతా, ఇవి నిజం ఉద్యోగాలేనా?" అన్నాడు.

నిజం ఉద్యోగాలే. ముప్ఫై నాలుగేళ్ళు అవే చేసి ఇల్లు చేరినవాణ్ణి నేను. మూడు సంస్థలు మారాను, రెండుసార్లు జీతం ఆగింది, ఒకసారి జ్వరంతో గుట్ట మీదే రెండు రాత్రులు పడుకున్నాను. అయినా ఆ పిల్లాణ్ణి వద్దనలేదు. ఆ సాయంత్రం వాడికి చెప్పినవే వరసపెట్టి రాస్తున్నాను. ఇంకెవరింట్లోనైనా ఇలాంటి పిల్లలుంటే పనికొస్తాయి.

1. ప్రకటనను అడుగు నుంచి పైకి చదవండి

ఉద్యోగ ప్రకటనలో పై సగం సంస్థ గొప్ప. అడవులు, పులులు, భావితరాలు అన్నీ అక్కడే ఉంటాయి. మీకు కావలసింది కింది సగంలో ఉంటుంది. "ఒప్పందం పదకొండు నెలలు", "నిధులను బట్టి పొడిగింపు", "నెలలో ఇరవై రోజులు క్షేత్ర పర్యటన", "సొంత బండి ఉన్నవారికి ప్రాధాన్యం". ఈ నాలుగు ముక్కలే మీ రాబోయే ఏడాది.

హోదా పేర్లకూ అర్థాలు తెలుసుకోండి. ఫీల్డ్ అసిస్టెంటు అంటే పగలు దారి చూపేవాడు, సాయంత్రం కెమెరాలు మోసేవాడు, రాత్రి లెక్కలు ఎక్కించేవాడు. ముగ్గురి పని, ఒకడి జీతం. పర్యావరణ విద్యాధికారి అంటే సగం బడి పంతులు, సగం నాటకాల మేస్త్రి. కమ్యూనిటీ కోఆర్డినేటరు అంటే ఊరివాళ్ళ చేత ఒకసారి, సంస్థవాళ్ళ చేత ఒకసారి మాటలు పడేవాడు. వీటిలో ఏదీ చిన్న పని కాదు, ఏదీ ప్రకటనలో రాసినంత అందమైన పనీ కాదు.

అన్నిటికన్నా అడుగున ఇంకో వాక్యం ఉంటుంది: "స్థానిక భాష తెలిసి ఉండటం వాంఛనీయం." వాంఛనీయమట! అది లేకుండా ఒక్క గొర్రెల కాపరితో కూడా మాట్లాడలేరని ఆ ప్రకటన రాసినవాళ్ళకు ఎవరు చెప్పాలి?

2. మీ జీతం ఏ బావి నీళ్ళో తెలుసుకోండి

మన దగ్గర బోరు వేసే ముందు ఎన్ని అడుగుల్లో నీరుందో అడుగుతాం. కొలువులో చేరే ముందు కూడా అంతే. స్వచ్ఛంద సంస్థకు డబ్బు ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది: విదేశీ విరాళాలు, మన దేశపు కంపెనీలు, ప్రభుత్వ పథకాలు.

విదేశీ విరాళాల మీద 2010 నాటి చట్టం ఉంది. 2020లో దాన్ని సవరించినప్పుడు ఆఫీసు నిర్వహణకు వాడుకోగలిగిన వాటాను 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు ఇవ్వకూడదనీ అన్నారు. పెద్ద సంస్థల చాటున పల్లెల్లో బతికే చిన్న సంస్థలకు ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. రెండో దారి 2013 కంపెనీల చట్టం. పెద్ద లాభాలున్న కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలని, ఆ పనుల జాబితాలో పర్యావరణం, వన్యప్రాణులు కూడా ఉన్నాయని ఆ చట్టం చెబుతుంది. 2014 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. అయితే కంపెనీ డబ్బుకు ఏడాది చివర ఫొటో కావాలి. తోడేలు మార్చి 31 లోపల ఫొటోకు నిలబడదు.

నేను పనిచేసిన ఒక చోట ప్రాజెక్టు ముగిసిందని ఓ శుక్రవారం చెప్పి, మూడు నెలల జీతం బాకీ పెట్టి తాళం వేశారు. నా దగ్గర నియామక పత్రం కూడా లేదు. "మనం మనం ఒక కుటుంబం" అన్నారు కదా అని అడగలేదు. అప్పటి నుంచి పిల్లలందరికీ చెబుతున్నాను: ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు ఈ డబ్బు ఎక్కడిది, ఎన్నాళ్ళది అని అడగండి. నియామక పత్రం అడగండి. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోట ప్రావిడెంట్ ఫండ్ మీ హక్కు. ప్రమాద బీమా ఉందా అనీ అడగండి, పాము కాటుకు ప్రాజెక్టు గడువుతో పని లేదు. దరఖాస్తుకు ముందే డబ్బు కట్టమన్నవాడు సంస్థ కాదు, దొంగ. అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

3. సేవ వేరు, కొలువు వేరు

సేవకు పేరుమోసిన ఊళ్లో కూర్చుని ఈ మాట చెబుతున్నాను కాబట్టి జాగ్రత్తగా వినండి. పుట్టపర్తికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి జీతం లేకుండా ఊడ్చి, వడ్డించి, వైద్యం చేసి వెళ్ళేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. ఆ మనసుకు దండం పెట్టాలి. అయితే 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో ఏడువందలకు పైగా పల్లెలకు నీళ్ళిచ్చినప్పుడు, గొట్టాలు వేసినవాళ్ళకు కూలి ముట్టింది, ఇంజనీర్లకు జీతం ముట్టింది. దాతది సేవ, పనివాడిది పని.

స్వచ్ఛంద సంస్థ అనే పేరులో ఒక ఉచ్చు ఉంది. "స్వచ్ఛందం" అన్నది సంస్థ పుట్టుకకు వర్తించే మాట, మీ జీతానికి కాదు. ఒకటి రెండు నెలలు పని నేర్చుకోవడానికి జీతం లేకుండా చేస్తే తప్పులేదు. ఏడాది చేస్తే అది ఇంట్లోవాళ్ళ చేత చేయించే సేవ అవుతుంది. మా నాన్న చెనక్కాయ పంట పోయిన ఏడు కూడా నాకు బస్సు చార్జీలకు డబ్బులు పంపించాడు. అడవిని కాపాడుతున్నానని నేను ఊళ్లో చెప్పుకున్నాను. నన్ను కాపాడుతున్నది ఎవరో చెప్పుకోలేదు.

4. మీ ఊరి కళ్ళే మీ మొదటి డిగ్రీ

కలివి కోడి సంగతి ప్రతి దరఖాస్తుదారుడూ తెలుసుకోవాలి. కలివి పొదల మధ్య తిరిగే, రాత్రిళ్ళు మాత్రమే కదిలే ఈ పక్షిని జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 19వ శతాబ్దం నడుమ లోకానికి చెప్పాడు. 1900లో అనంతపురం దగ్గర పెన్నా పరీవాహకంలో కనిపించిందని ఒక నమోదు ఉంది. ఆ తర్వాత ఎనభై ఆరేళ్ళు దాని జాడే లేదు. లోకం నుంచి వెళ్ళిపోయిందనుకున్నారు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మనుషులు బొమ్మలు పట్టుకుని రాయలసీమ పల్లెల్లో తిరిగారు. ఇలాంటి పిట్టను చూశారా అని అడిగారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే పల్లెటూరి వేటగాడు ఒక రాత్రి దాన్ని పట్టి చూపించాడు. సొసైటీ తరఫున ఆ వెతుకులాటలో ఉన్న శాస్త్రవేత్త భరత్ భూషణ్. 1988లో లంకమల అడవి ఆ పక్షి కోసమే అభయారణ్యమైంది. తర్వాతి కాలంలో పి. జెగనాథన్ వంటి పరిశోధకులు దారుల్లో మెత్తటి మట్టి పరిచి కాలి గుర్తులు చూశారు, కెమెరాలు కట్టారు. ఆ పద్ధతులకు చదువు కావాలి. కానీ దాన్ని మళ్ళీ లోకానికి చూపించినవి చదువుకున్న కళ్ళు కావు, చీకట్లో పొదల మధ్య నడవడం తెలిసిన కళ్ళు.

మీరు మేకలు కాచిన ఇంటి పిల్లలైతే ఆ సంగతి దరఖాస్తులో దాచకండి. ఏ పక్షి ఏ నెలలో ఏ చెట్టు మీద గూడు పెడుతుందో తెలుసని రాయండి. నేను ఎంపిక బల్లకు అవతలివైపు కూర్చున్న రోజుల్లో మార్కుల జాబితాల కింద అలాంటి ఒక్క వాక్యం కోసమే వెతికేవాణ్ణి.

5. చెప్పడానికి ముందు వినండి

పర్యావరణ విద్య మీద సుప్రీంకోర్టు 1991లోనే ఎం.సి. మెహతా కేసులో తీర్పు ఇచ్చింది. 2001 తర్వాత జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. వాటితో మాలాంటి వాళ్ళకు చేతినిండా పని వచ్చింది. పని అయితే వచ్చింది గానీ, ఆ పని ఎలా చేయాలో ఒక ఆరో తరగతి పిల్ల నేర్పితే గానీ నాకు తెలియలేదు.

జూన్ 5 పర్యావరణ దినం. దేశమంతా మొక్కలు నాటుతుంది కాబట్టి మేమూ నాటాం. బడులు తెరవకముందే పిల్లల్ని పోగేసి, నినాదాలు చెప్పించి, ఫొటోలు తీసి, రెండువందల మొక్కలు పెట్టించాను. ఆగస్టుకు పదో పన్నెండో మిగిలాయి. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పిల్ల ఎండిన కర్ర ఒకటి పీకి చూపించి అంది: "సార్, వినాయక చవితికి పెట్టింటే బతికేటివి."

అనంతపురం పీఠభూమి వానచాటు నేల. ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూ, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. జూన్‌లో మబ్బు మొహం చూపించి పోతుంది. ఇది ఆ పిల్లకు తెలుసు, వాళ్ళ అవ్వకు తెలుసు, డిగ్రీ ఉన్న నాకు తెలియలేదు. ఢిల్లీ క్యాలెండరు మన నేల క్యాలెండరు కాదు. కొత్త ఊళ్లో చేరిన మొదటి మూడు నెలలు ఏ పాఠమూ చెప్పకండి. రచ్చకట్ట మీద కూర్చోండి, చెరువు గట్టు మీద నడవండి, అడగండి, రాసుకోండి. జీతం తీసుకుంటూ పాఠం వినే ఉద్యోగం ఇదొక్కటే.

6. తప్పు పేరు దిద్దడం కూడా పనే

మన జిల్లాలోనే, చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి మధ్య చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడతాయి. చలికాలం చివర వచ్చి, పిల్లల్ని పెంచుకుని, రెక్కలు వచ్చాక తీసుకుపోతాయి. రెట్ట వాసన, అరుపులు, పడే చేప ముక్కలు అన్నీ భరించి ఆ ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఒక్క రాయి పడనివ్వరు.

చాలా మంది వాటిని "సైబీరియా కొంగలు" అంటారు. సైబీరియాకూ వాటికీ సంబంధం లేదు. అవి భారతదేశపు పక్షులే. తిండి, నీళ్ళు దొరికే చోటికి గూళ్ళ కాలంలో చేరుతాయి. "పేరులో ఏముంది సార్?" అని నన్ను చాలామంది అడిగారు. ఉంది. ఎక్కడో సైబీరియా నుంచి వచ్చే అతిథి అనుకుంటే ఈ ఏడు రాకపోయినా దాని తప్పే అవుతుంది. మన పక్షి అనుకుంటే చుట్టుపక్కల చెరువు ఎందుకు ఎండింది, చేప ఎందుకు లేదు, వాగుకు అడ్డం ఎవరు కట్టారు అన్న ప్రశ్నలు మనవవుతాయి. కరువు ఏడు చెరువులు ఎండితే గూట్లో పిల్లలు ఆకలితో పోతాయి. ఊరి ప్రేమ చెట్టు వరకే కాపలా కాయగలదు, చెరువుకు మాత్రం పది ఊళ్ళు కలవాలి.

వీరాపురంలో ఉద్యోగం దొరికితే అక్కడివాళ్ళకు పక్షుల్ని ప్రేమించమని నేర్పబోకండి. చెరువు నుంచి చింతకొమ్మ దాకా ఉన్న ఆ దారిని పిల్లల చేత బొమ్మ గీయించండి చాలు.

7. జంతువుల కొలువనుకుని వస్తే మనుషుల కొలువు

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ 32 ఎకరాల బంజరుతో మొదలైంది. రెండు మూడేళ్ళకు ముష్టికోవెల వంటి ఊళ్ళవాళ్ళతో కలిసి చుట్టూ ఉన్న బోడిగుట్టల మీద పని మొదలుపెట్టింది. ఇప్పుడు కల్పవల్లి అని పిలిచే ఆ నేల ఏడువేల ఎకరాలకు పైబడి ఉంటుంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఎన్ని కోట్ల మొక్కలు నాటారని అడుగుతారు. నాటినవాటి కన్నా తనంతట తాను మొలిచిందే ఎక్కువ. మనుషులు చేసిన పెద్ద పని కాపలా. ఎండాకాలం ముందు గడ్డి కోసి అగ్గి దాటకుండా బాటలు చేయడం, ఊరివాళ్ళలోంచే కాపలాదారుల్ని పెట్టుకోవడం, బోదగడ్డి ఎవరు ఎప్పుడు కోసుకోవాలో, ఈతాకు ఎవరు తెచ్చుకోవాలో కూర్చుని మాట్లాడుకోవడం. గడ్డి పెరిగాక కుందేలు వచ్చింది, జింక వచ్చింది, వాటి వెంట తోడేలు వచ్చింది. ఆ తర్వాత గాలిమరలు కూడా వచ్చాయి. వాటి కోసం గుట్టల మీద రోడ్లు పడ్డాయి. కరెంటూ పర్యావరణమే, గుట్టా పర్యావరణమే. ఆ తగవు తీర్చడం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

తోడేలు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. కానీ అది పులిలా అడవిలో ఉండదు, గొర్రెల మందల పక్కన బీడులో బతుకుతుంది. రాత్రి నాలుగు గొర్రెపిల్లల్ని పోగొట్టుకున్న కాపరి దగ్గరికి తెల్లారి మీరు వెళ్ళాలి. అప్పుడు మొదటి షెడ్యూలు గురించి చెప్పారంటే కర్ర లేస్తుంది. పక్కన కూర్చుని, టీ తాగి, నష్టపరిహారం దరఖాస్తు రాసిపెట్టి, ఫారెస్టు ఆఫీసుకు ఆయన వెంట బస్సెక్కాలి. నేను తోడేలును దగ్గరగా చూసింది ముప్ఫై నాలుగేళ్ళలో తొమ్మిదిసార్లు. దరఖాస్తులు రాసింది లెక్కలేదు. ఆ దరఖాస్తులే తోడేలును కాపాడాయని నా నమ్మకం.

8. లెక్క రానివాడు గుట్టను కాపాడలేడు

ఇది చిన్న పాఠం, కానీ చాలా ఉద్యోగాలు ఇక్కడే పోతాయి. టీ బిల్లు దగ్గర నుంచి కూలీల మస్టరు దాకా ప్రతి కాగితం అదే రోజు రాయండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసిన లెక్క అబద్ధంలానే కనిపిస్తుంది, నిజమైనా సరే. ఈ రంగంలో జీవశాస్త్రం చదివినవాళ్ళు దొరుకుతారు. బీకాం చదివి, పల్లెకు రావడానికి ఒప్పుకునేవాళ్ళు దొరకరు. కాబట్టి కామర్స్ పిల్లలారా, మీకూ ఇక్కడ చోటుంది. తెలుగు టైపింగు, కంప్యూటరులో పట్టికలు, జీపీఎస్, పాము కాటుకు ప్రథమ చికిత్స, బండి నడపడం నేర్చుకోండి. కన్నడం కూడా వచ్చి ఉంటే సరిహద్దు దాటి పావగడ వైపు కూడా మీకు పని ఉంటుంది. తోడేలుకు రాష్ట్రం హద్దు తెలియదు.

9. చదువుకు దారులు, దగ్గరవీ దూరపువీ

దూరపువి ముందు. డెహ్రాడూన్‌లో 1982లో పెట్టిన భారత వన్యప్రాణి సంస్థ, కోయంబత్తూరులో సలీం అలీ పేరు మీదున్న పక్షిశాస్త్ర కేంద్రం, బెంగళూరులో జీవశాస్త్రాల జాతీయ కేంద్రం వన్యప్రాణుల మీద నడిపే ఎమ్మెస్సీ. ఉద్యోగాలిచ్చే పాత సంస్థల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1883 నాటిది, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా 1969 నాటిది. పర్యావరణ విద్య అంటే 1984లో అహ్మదాబాదులో మొదలైన సీఈఈ. మైసూరు నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, బెంగళూరు ఏట్రీ రెండూ 1996వి. పుట్టపర్తి నుంచి బెంగళూరుకు రైల్లో ఒక పూట ప్రయాణం. హైదరాబాదు కన్నా అదే మనకు దగ్గర.

ఇక ఇంటి పక్కవి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీని 1991లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పక్షి అధ్యయన సంస్థ తపాలాలో పక్షిశాస్త్ర పాఠాలు పంపేది. పల్లెల్లో కూర్చుని ఆ పాఠాలతో పక్షులు నేర్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఏ ఫీజూ లేని బడి ఇంకోటి ఉంది: బుక్కపట్నం చెరువు. నీళ్ళున్న ఏడు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికోసారి గట్టు మీద నిలబడి, ఏ పక్షి ఎన్ని అని రాసి, ఈబర్డ్ వెబ్‌సైట్లో ఎక్కించండి. రెండేళ్ళ లెక్క మీ పేరు మీద ఉంటే అది ఏ సర్టిఫికెట్టుకూ తీసిపోదు. ఎందుకంటే దాన్ని ఒక్క రాత్రిలో తయారు చేయలేరు.

10. ఆడపిల్లలు లేని బృందం సగం ఊరితోనే మాట్లాడుతుంది

మా బృందంలో అందరం మగవాళ్ళమే ఉన్న మూడేళ్ళూ కట్టెలు ఎక్కడి నుంచి వస్తాయో మాకు సరైన లెక్క దొరకలేదు. మగవాళ్ళను అడిగాం, వాళ్ళు ఏదో ఒకటి చెప్పారు. కట్టెలు తెచ్చేది వాళ్ళు కాదు కదా. ఒక అమ్మాయి చేరిన నెలకే ఏ గుట్ట, ఏ దారి, ఎన్ని మోపులు, ఎవరు అడ్డం పడతారు అన్నీ తెలిసిపోయాయి.

అమ్మాయిలు దరఖాస్తు చేసే ముందు బస ఎక్కడ, మరుగుదొడ్డి ఉందా, చీకటి పడ్డాక వాహనం ఎవరిస్తారు అని మొహమాటం లేకుండా అడగాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. అడిగినందుకు మొహం చిట్లించే సంస్థలో చేరకపోవడమే మేలు.

తల్లిదండ్రులకూ ఒక మాట. నాకు సంబంధం చూసిన రోజుల్లో పిల్ల తండ్రి "ఏ డిపార్టుమెంటు?" అని అడిగాడు. "నక్కలది" అన్నాడు మా బాబాయి. ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత వచ్చిన సంబంధంలో మామగారు గొర్రెలున్నాయన. నక్కలు ఎప్పుడు తిరుగుతాయని నన్నే ఎదురడిగాడు. పెళ్ళయింది.

11. దారి చూపినవాడి పేరు రాయండి

చివరి పాఠం నా తప్పుది. పదకొండేళ్ళు పెనుకొండ చుట్టుపక్కల గుట్టల్లో నాకు దారి చూపింది ఒక మేకల కాపరి. ఎలుగుబంటి గుహ ఏదో, చిరుత నీళ్ళు తాగే మడుగు ఏదో, వాసన పట్టి చెప్పేవాడు. ఆయన చూపించిన చోట్ల కెమెరాలు కట్టాం. ఆయన చెప్పిన పేర్లు మా జాబితాలోకి ఎక్కాయి. నివేదిక నేనే రాశాను. కృతజ్ఞతల పేజీలో డైరెక్టరు, దాతలు, అధికారులు, నా భార్య కూడా ఉన్నారు. ఆయన కోసం రాసింది రెండే మాటలు: "స్థానికుల సహకారం".

పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయనకు చదవడం రాదు. కూతురు చదివి వినిపించింది. విని, "నా పేరెక్కడా రాలేదా?" అని కూడా అడగలేదు. "బొమ్మలు బాగుండాయి సార్" అన్నాడంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. కడప పిట్ట కథలో ఐతన్న పేరైనా నిలిచింది. మా గుట్టల కథలో ఆ పేరు నిలపాల్సింది నేను.

ఈ కొలువులో జీతం ఇచ్చేది సంస్థే. కానీ ఊరు దారి చూపితేనే పని ఉంటుంది, ఊరు నోరు విప్పితేనే నివేదిక ఉంటుంది. సంస్థ పదకొండు నెలలకోసారి కాగితం తిరగరాస్తుంది. ఊరు రోజూ రాస్తుంది. మీరు ఆ ఊరు వదిలేనాటికి, అక్కడివాళ్ళలో ఒకరికైనా మీ చేతిలో ఉన్న కెమెరా, లెక్కల పుస్తకం, వీలైతే మీ కుర్చీ కూడా అప్పగించి రండి.

ఇవన్నీ విని మా ఎదురింటి పిల్లాడు ఫీల్డ్ అసిస్టెంటు ప్రకటనకే దరఖాస్తు మొదలుపెట్టాడు. మీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు రాయమని అందులో ఒక గడి ఉంది. మొదటిది నా పేరు రాసుకున్నాడు. రెండోదానికి కాలేజీ ప్రిన్సిపాలు పేరు వెతుకుతుంటే ఆపి, సెలవుల్లో వాణ్ణి గుట్టలెక్కించిన వాళ్ళ మేనమామ పేరు రాయమన్నాను. ఆయనకు ఇరవై గొర్రెలు, ఒక కుక్క.

"ఆయప్పకు ఈమెయిల్ లేదు తాతా."

"ఫోనుంది కదా. ఫోన్ చేసి తెలుగులో అడగమను. స్థానిక భాష వాంఛనీయమని రాసింది వాళ్ళే."